ఆర్‌కే బీచ్‌లో మెరక ఎక్కడుంది? ఒక సర్ఫింగ్ ప్రాజెక్టు డైరీ

వైజాగ్‌లో సర్ఫింగ్ అంటే అందరూ రుషికొండకే పొమ్మంటారు. అక్కడ నేర్పేవాళ్లున్నారు, బోర్డులు అద్దెకు దొరుకుతాయి, కాబట్టి ఆ సలహాలో తప్పేం లేదు. నేనుండేది మాత్రం పాండురంగాపురంలో. ఆఫీసుకు వెళ్లేలోపు గంటన్నర ఖాళీ దొరుకుతుంది. ఆ గంటన్నర రోడ్డు మీద కాకుండా నీళ్లలో గడవాలంటే నడిచి వెళ్లగలిగే ఆర్‌కే బీచ్‌నే అర్థం చేసుకోవాలి. ఈ ప్రాజెక్టు అందుకే.

ఇక్కడి చిక్కేమిటంటే, ఒక పొద్దున కెరటం ఒక మూల విరగడం మొదలై పక్కకు జారుతూ పోతుంది. దాని ముందు బోర్డు మీద నిలబడి చాలాసేపు వెళ్లొచ్చు. వారం తిరక్కుండానే అంతే ఎత్తు కెరటం అదే చోట ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారిగా కూలుతుంది. గాలి అదే, ఎత్తు అదే. మారింది నీళ్ల కింది అడుగు. కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. అంటే మీటరు కెరటం ఛాతీ లోతు నీళ్లలో విరుగుతుంది. అడుగున ఇసుక మెరకగా ఉన్న చోట ముందు విరిగి, పక్కనున్న పల్లం వైపు నెమ్మదిగా విరుగుతూ పోతే అది సర్ఫింగ్‌కు పనికొచ్చే కెరటం. అడుగంతా ఒకే మట్టంలో ఉంటే అంతా కలిసి కూలుతుంది. అడుగున రాతిగట్టు ఉన్న బీచుల్లో ఈ లెక్క ఏళ్ల తరబడి మారదు. మనది ఇసుక, కుదురుగా ఉండదు. అందుకని కెరటాన్ని కాదు, మెరకను వెతకాలి.

ఫిబ్రవరి: బాల్కనీలో కెమెరా

నీళ్ల అడుగున ఉన్న ఇసుకను ఒడ్డు నుంచి చూడటానికి ఒక మంచి పద్ధతి ఉంది. 1980లలో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో రాబ్ హోల్మన్ బృందం దాన్ని బాగా వాడింది. ఎత్తైన చోట కెమెరా కదలకుండా పెట్టి, పది నిమిషాల పాటు వచ్చిన బొమ్మలన్నిటినీ కలిపి సగటు తీయాలి. విడి కెరటాలు చెరిగిపోతాయి. నురగ ఎక్కడ పదే పదే వస్తోందో అక్కడ తెల్ల పట్టీ మిగులుతుంది. ఆ తెల్ల పట్టీ కిందే మెరక. పట్టీ మధ్యలో నల్లగా తెగిన చోట అడుగు లోతుగా ఉన్నట్టు.

బీచ్ రోడ్డులో మా పెద్దమ్మ వాళ్ల ఫ్లాట్ అయిదో అంతస్తులో ఉంది. బాల్కనీ రెయిలింగుకు పాత ఫోను బిగించడానికి సైకిల్ హ్యాండిల్ క్లాంపు, అల్యూమినియం పట్టీ సరిపోయాయి. ఉప్పుగాలికి ఇనుప స్క్రూలు నెలలో తుప్పు పడతాయి కాబట్టి స్టీలువే వాడాను. వీడియోలోంచి ఫ్రేములు విడదీసి సగటు తీసే పని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము చేస్తుంది. రాసిన వరసలు ఇరవై దాటవు.

మొదటి బొమ్మ చూశాక చాలాసేపు కళ్లు తిప్పలేకపోయాను. రోజూ చూసే నీళ్లే. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి కాస్త దక్షిణంగా ఒక తెల్ల చంద్రవంక, దాని పక్కనే ఒడ్డు నుంచి లోపలికి నల్లటి సందు. ఒడ్డున నిలబడితే ఇదేమీ కనిపించదు.

దీనికి తోడు ఒడ్డున ఇసుక మట్టం కొలవాలి. పీవీసీ పైపుకు పది సెంటీమీటర్లకొక రంగు టేపు చుట్టాను. గోడ పక్కనున్న మెట్లను గుర్తుగా పెట్టుకున్నాను. ఇప్పుడు కింది మూడు మెట్లు ఇసుకలో పూడి ఉన్నాయి. పైపును పాతకుండా కొలత అయ్యాక వెంట తెచ్చేసుకుంటున్నాను, ఎందుకంటే ఇది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం. రాత్రిపూట టార్చి కూడా వేయడం లేదు.

ఇసుకను కొలవడం ఈ ఊరికి కొత్త కాదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త, ఇక్కడి పరిశోధకులు కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఎప్పుడు పోతోంది, ఎప్పుడు తిరిగొస్తోంది అని కొలిచారు. అప్పటికి ఓడరేవు కోసం సముద్రంలోకి కట్టిన ఔటర్ హార్బర్ లేదు. ఆ కాలపు ఒడ్డు వేరు, ఇప్పటిది వేరు. అయినా వాళ్లు నడిచిన ఇసుక మీదే కొలుస్తున్నానన్న మాట నాకు బలాన్నిస్తోంది.

మార్చి: బోర్డు బాగుచేత

సముద్రం నిదానంగా ఉన్న నెల. బోర్డు పని పెట్టుకున్నాను.

నాది ఎనిమిది అడుగుల సెకండ్ హ్యాండ్ బోర్డు. అంచు దగ్గర అరచేతి పొడవున పగిలి, లోపలి ఫోమ్ కనిపిస్తోంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ పడవలు బాగుచేసే షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన బోర్డును తిరగేసి, గోటితో ఫోమ్ గీకి చూశాడు.

"ఇది థర్మాకోలే బాబూ. మా రెజిన్ పోస్తే తినేస్తాది."

"పడవలకి వాడేది అదే కదా మావా?"

"పడవలో థర్మాకోలుందేటి? సూడు మరి" అని మూలనున్న ప్యాకింగ్ ముక్క ఒకటి తీసి, పుల్లతో ఒక్క చుక్క వేశాడు. తెల్లటి ముక్క మధ్యలో చుక్క కిందికి కుంగింది, అంచులు ముడుచుకున్నాయి, క్షణాల్లో అవతలి వైపు వేలు కనిపించేంత బొక్క పడింది. పడవలకు వాడేది పాలిస్టర్ రెజిన్. అందులోని స్టైరీన్ అనే ద్రావకం ఈపీఎస్ ఫోమ్‌ను, అంటే థర్మాకోల్‌ను, కరిగించేస్తుంది. ఇలాంటి బోర్డుకు ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్ ఒక్కటే దారి. సెకండ్ హ్యాండ్ బోర్డు కొన్నవాళ్లు ఏ పనికైనా ముందు లోపలి ఫోమ్ ఏదో తేల్చుకోవాలి.

ముందు ఉప్పునీరు పూర్తిగా ఆరాలి. పగులు కిందికి ఉండేలా గోడకు ఆనించి, నీడలో వారం పైగా వదిలేశాను. నలిగిన ఫోమ్ కోసేసి, ఎపాక్సీలో తేలికపాటి మైక్రోబెలూన్ పొడి కలిపి పూడ్చాను. ఆరాక గరుకు కాగితంతో అంచు వంపు తెచ్చి, పైన పలచటి గ్లాస్ క్లాత్ (గాజు నారతో నేసిన బట్ట) రెండు పొరలు వేశాను. రెండో పొర మొదటిదానికంటే వేలెడు వెడల్పు. తర్వాత 80, 120, 220 నంబరు కాగితాలు వరసగా.

వైజాగ్ ఎండలో ఈ పని చేసేవాళ్లకు రెండు మాటలు. ఎపాక్సీని లోతు గ్లాసులో కలిపితే దాని వేడికి అదే ఉడికి నిమిషాల్లో గడ్డకడుతుంది. వెడల్పు పళ్లెంలో పలచగా పరిస్తే చేతికి సమయం దొరుకుతుంది. రెండోది, పొద్దున క్లాత్ వేయకూడదు. ఎండెక్కే కొద్దీ ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి క్లాత్ కింద బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడేటప్పుడు వేస్తే ఫోమే రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. బాగుచేసిన చోట ఇప్పుడు వేలితో కొడితే మిగతా బోర్డు శబ్దమే వస్తోంది.

ఏప్రిల్: దూరం నుంచి వచ్చిన కెరటం

ఇన్నాళ్లూ ఆరేడు సెకన్లకొకటి వచ్చే చిన్న కెరటాలే. ఈ నెల మధ్యలో లెక్క మారింది. ఒడ్డున నిలబడి, దూరంగా ఒక రాయిని గుర్తు పెట్టుకుని, దాన్ని పది కెరటాలు దాటడానికి పట్టే సమయం చూసి పదితో భాగిస్తాను. పద్నాలుగు సెకన్లు వచ్చింది. ఇది మన దగ్గరి గాలి పుట్టించింది కాదు, దక్షిణ మహాసముద్రంలోని తుపాను పంపినది. ఇలా దూరం నుంచి వచ్చే కెరటాలనే స్వెల్ అంటారు. పద్నాలుగు సెకన్ల స్వెల్ శక్తి లోతు నీళ్లలో గంటకు దాదాపు నలభై కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అక్కడి నుంచి 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలోని మన ఒడ్డుకు చేరడానికి వారం, ఎనిమిది రోజులు పడుతుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇచ్చే సముద్ర సూచన రోజూ చూస్తున్నాను. అందులో కెరటం ఎత్తొక్కటే చూసి ఊరుకుంటే లాభం లేదు, పీరియడ్ (ఒక కెరటానికీ తర్వాతి దానికీ మధ్య సమయం), దిశ చూడాలి. దిశ మనకు మరీ ముఖ్యం. మ్యాపులో వైజాగ్ నుంచి నేరుగా దక్షిణానికి గీత గీస్తే శ్రీలంక తూర్పు తీరాన్ని ఒరుసుకోకుండా కాస్త పక్కగా కిందికి పోతుంది. ఆ గీత నుంచి పడమటికి జరిగే కొద్దీ శ్రీలంక అడ్డొస్తుంది. అందుకే సూచనలో ఎత్తు బాగా కనిపించినా, నైరుతి నుంచి వచ్చే స్వెల్ మన దగ్గరికొచ్చేసరికి నీరసపడుతుంది. సరిగ్గా దక్షిణం నుంచి వచ్చేది తక్కువ ఎత్తుదైనా మెరక మీద నిక్కి నిలబడుతుంది.

ఆ పొద్దున నేల మీది నుంచి సముద్రం వైపు పలచగా గాలి వీస్తోంది. మన ఒడ్డు ఆగ్నేయానికి తిరిగి ఉంది కాబట్టి తెల్లవారుజామున నేల గాలి కెరటం ముఖాన్ని ఎత్తి పట్టి ఉంచుతుంది. తొమ్మిది దాటాక సముద్రపు గాలి తిరిగి అంతా చెదిరిపోతుంది. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ నల్లసందులోంచి లోపలికి పోయాను, తెల్ల చంద్రవంక దక్షిణపు కొసలో ఆగాను. బాల్కనీ బొమ్మలో చూసిన చోటే కెరటం మొదట లేచింది. లేచి నిలబడ్డాక కుడి పక్క ఇంకా విరగని ముఖం పచ్చగా కనిపిస్తూనే ఉంది. బొమ్మ చెప్పినట్టు సముద్రం నడవడం అదే మొదటిసారి చూశాను.

మే: కొబ్బరికాయల పరీక్ష

నల్లసందు గురించి ఇప్పుడు గట్టిగా రాయాలి. మెరక మీద విరిగిన నీరంతా ఒడ్డుకు తోసుకొచ్చి, తిరిగి వెళ్లడానికి లోతున్న దారి వెతుక్కుంటుంది. ఆ దారే నల్లసందు. రిప్ కరెంట్ అంటారు. అక్కడ కెరటం విరగదు, నురగ ఉండదు, నీరు ప్రశాంతంగా ఉన్నట్టుంటుంది. సెలవు రోజు పిల్లల్ని తీసుకొచ్చిన కుటుంబాలు ఏరికోరి అక్కడే నీళ్లలోకి దిగుతాయి. కెరటాలు తక్కువున్న చోటని వాళ్ల నమ్మకం. ఆర్‌కే బీచ్‌లో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే.

దాని వేగం కొలవడానికి కొబ్బరికాయలు వాడాను. కాయ చాలా మట్టుకు నీళ్లలో మునిగే తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు, నీటితోపాటే పోతుంది. పీచు మీద నారింజ రంగు పూశాను. స్నేహితుడు ఒడ్డున, పెద్దమ్మ బాల్కనీలో గడియారంతో. మోకాలి లోతులో వదిలిన మొదటి కాయ కాసేపు అక్కడే తచ్చాడింది. ఒక సెట్, అంటే వరసగా వచ్చే పెద్ద కెరటాల గుంపు, మెరక మీద విరిగింది. అంతే, కాయ వడిగా నడిచే మనిషి వేగంతో లోపలికి సాగింది, నురగ దాటాక ఆగింది. రెండోది అదే దారిన పోయి, లోపల ఉత్తరానికి తిరిగి, మెరక మీద నురగలో పడి ఒడ్డుకే వచ్చేసింది.

ఆ రెండో కాయ దారి అందరికీ తెలియాలి. రిప్‌లో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. తేలుతూ, కుదురుగా ఊపిరి తీసుకుంటూ, ఒడ్డుకు సమాంతరంగా నురగ ఉన్న వైపు ఈదితే అక్కడి కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. సర్ఫర్‌కు లోపలికి వెళ్లడానికి ఈ సందు తేలిక దారి. బోర్డు, దాన్ని కాలికి కట్టే తాడు (లీష్) లేనివాళ్లకు అదే ప్రాణగండం. సగటు బొమ్మను ప్రింటు తీసి ఒడ్డున ఉండే లైఫ్‌గార్డులకు ఇవ్వడం మొదలుపెట్టాను. సందు ఎటు జరిగిందో వాళ్లకు చూపులోనే తెలుసు. అయినా జనానికి చూపించి చెప్పడానికి బొమ్మ పనికొస్తోందన్నారు.

పెద్దమ్మకిప్పుడు ఇది రోజువారీ పని. పొద్దున్నే ఫోను చేసి, "ఒరేయ్, నల్లది కొబ్బరిచెట్టు ముందుకొచ్చేసిందిరా, అటు దిగకు" అంటుంది.

జూన్, జూలై: ఇసుక పోయింది

నైరుతి రుతుపవనం వచ్చాక పెద్ద కెరటాలు ఒడ్డు ఇసుకను లాగి లోపల పోశాయి. ఫిబ్రవరిలో పూడిన మూడు మెట్లూ బయటపడ్డాయి, కింద ఖొండలైట్ అనే ఇక్కడి రకం రాళ్లు కూడా తేలాయి. పైపు కొలతలో ఒడ్డు నా నడుము ఎత్తున దిగింది.

ఈ కాలంలో కెరటాలు ఇసుకను తీరం వెంట ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనంలో దక్షిణానికి. ఏడాది మొత్తం చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుకకు డాల్ఫిన్స్ నోస్ కొండ, 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు (కెరటాలను ఆపే రాతి గోడలు) అడ్డు. అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి మన బీచ్‌కు పంపుతుంటారు. అంటే మనం ఎక్కే కెరటంలో కొంత ఓడరేవు లెక్క కూడా ఉంది. నగరం పక్కనున్న బీచ్‌ను నగరంతో కలిపే చదవాలి.

రెండు నియమాలు గట్టిగా పెట్టుకున్నాను. జోరు వాన పడ్డాక మూడు రోజులు నీళ్లలో దిగను. వీధుల మురికంతా కాలువ నోటి నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది, నీటి రంగే చెబుతుంది. చెవిపోటు, చర్మం మీద కురుపులు తెచ్చుకోవడానికి అంత తేలిక దారి ఇంకోటి లేదు. రెండోది, ఒడ్డున అలివి వల లాగుతుంటే ఆ పక్కకు పోను. వల కనిపించని చోట కూడా తాళ్లు ఉంటాయి, పైగా అది వాళ్ల పొద్దుటి కూడు. జాలారిపేట వాళ్లు దుంగలు కట్టిన తెప్పల మీద ఈ నురగను దాటుతూ వచ్చారు, ఇప్పుడు ఫైబర్ పడవల మీద దాటుతున్నారు. సెట్ అయిపోయి నీళ్లు సద్దుమణిగే ఆ కొద్ది సందును పట్టుకోవడం వాళ్లని చూసే నేర్చుకున్నాను.

వల మడుస్తున్న ఒక తాతను అడిగాను, ఇవాళ కెరటం ఎలా ఉంటుందని. "పైన ఏటి సూస్తావు బాబూ, కింద మెరక లోపలికెల్లిపోనాది. పోటులో ఇక్కడేటీ ఉండదు, ఆటుకి రా" అన్నాడు. బొమ్మలో తెల్ల పట్టీ దూరంగా జరిగిందని అంతకు రెండు రోజుల ముందే చూశాను. ఆయనకు బాల్కనీ అక్కర్లేకపోయింది.

ఆగస్టు, సెప్టెంబరు: పోటుతో కుదిరిన లెక్క

ఇన్ని నెలల రాతల్లో తేలిన గట్టి విషయం పోటు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. మీటరు కెరటానికి 1.3 మీటర్ల లోతు కావాలన్నప్పుడు ఒకటిన్నర మీటరు తేడా అంటే ఆటంతా మారిపోయినట్టే.

మెరక ఒడ్డుకు దగ్గరగా ఉన్న వేసవిలో పోటు ఎక్కుతూ సగానికి వచ్చే వేళ మంచిది. నిండు పోటులో కెరటం మెరకను తాకకుండా దాటొచ్చి నేరుగా ఒడ్డు వాలు మీద గోడ కూలినట్టు పడుతుంది. మెడలు, భుజాలు విరిగేది ఆ కెరటంలోనే. ఆ వేళ నేను దిగను, ఎవరినీ దిగమనను. మెరక లోపలికి జరిగిన రుతుపవన కాలంలో ఆటు దగ్గరి గంట మంచిది, తాత చెప్పినట్టే. ఒకే పోటు పట్టికను ఏడాదంతా ఒకేలా వాడితే కుదరదు. ముందు మెరక ఎక్కడుందో చూసి, తర్వాత పట్టిక తెరవాలి, చివర్లో స్వెల్ సూచన. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫోనులో కెరటం ఎత్తు చూసి బోర్డు పట్టుకుని పరిగెత్తుతారు.

సెప్టెంబరులో ఒక శనివారం మూడూ కలిశాయి. దక్షిణం నుంచి పదమూడు సెకన్ల స్వెల్, నడుము ఎత్తు కెరటం, ఆటు తిరిగి ఎక్కడం మొదలైన వేళ. మెరక మధ్యలో పల్లం పడి రెండు ముక్కలైందని బొమ్మలో ముందురోజే కనిపించింది. రెంటి మధ్య పల్లం వైపు ముఖం పెట్టి, కెరటం అందుకుని బోర్డు మీద లేచి నిలబడ్డాను. కెరటం మొదటి మెరక మీద విరిగి, పల్లంలో మెత్తబడి, రెండో మెరక మీద మళ్లీ నిక్కింది. బరువు వెనక కాలి మీద వేసి వేగం తగ్గించి ఆగాను, అది లేవగానే ముందు కాలి మీదికి వంగాను. ఒకే కెరటం మీద రెండుసార్లు ప్రయాణం. ఒడ్డున టీ తాగుతున్న వాకింగ్ బ్యాచ్ పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో మన దేశపు సర్ఫర్ రమేశ్ బుదిహాళ్ కాంస్యం గెలిచాడు. అక్కడి ఒడ్డును తాకేదీ ఈ బంగాళాఖాతం నీళ్లే. మన తీరపు కెరటాలు పనికిరావన్న మాట ఇక ఎవరన్నా నేను ఒప్పుకోను. పనికొచ్చే చోటు, పనికొచ్చే వేళ వెతికి పట్టుకోవాలి.

అక్టోబరు: ఆపిన చోటు

ఇది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. బీచ్ రోడ్డు ఆ రోజు ఎలా అయిపోయిందో చూసినవాళ్లం కాబట్టి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త రాగానే బోర్డు గోడకెక్కుతుంది. కెమెరా మాత్రం నడుస్తుంది. తుపాను ముందు, తర్వాత బొమ్మలు పక్కపక్కన పెట్టి మెరక ఎంత జరిగిందో చూడటమే ఈ నెల పని.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. బొమ్మల్లోని దూరాలను మీటర్లలోకి మార్చాలి. దానికి ఒడ్డున కొన్ని గుర్తుల జీపీఎస్ స్థానాలు తీసుకోవాలి. లాసన్స్ బే వైపు తిరిగి ఉన్న ఒక మేడ మీద రెండో ఫోను పెట్టడానికి ఒక స్నేహితురాలి ఇంట్లో అడిగాను, వాళ్ల నాన్నగారు సరేనన్నారు. నవంబరులో గాలి ఈశాన్యం నుంచి వీచడం మొదలయ్యాక ఇసుక దక్షిణానికి నడవాలి. నల్లసందు కూడా దానితోపాటు జరుగుతుందా, రాళ్ల పక్కనే నిలిచిపోతుందా అన్నది చూడాలి. జరిగేదైతే లైఫ్‌గార్డులకు ప్రతి వారం కొత్త ప్రింటు ఇవ్వాలి. నిలిచిపోయేదైతే అక్కడ శాశ్వతంగా హెచ్చరిక బోర్డు పెట్టమని అడగడానికి చేతిలో బొమ్మలుంటాయి. క్లాంపు స్క్రూలు మార్చి, లెన్స్ మీద ఉప్పు తుడిచి, రికార్డింగు పొద్దున్న ఆరింటికి పెట్టాను.